గాలి, ఉప్పు, చేప: విశాఖ సముద్రంలో నీటి పొరలు చేసే పని

మార్చి దాటాక విశాఖలో ఎండ ముదురుతుంది. అవే రోజుల్లో ఆర్కే బీచ్ నుంచి భీమిలి వరకు ఒడ్డు పక్క నీరు ఒక్కోసారి ఉన్నట్టుండి చల్లబడి కొన్ని రోజులు అలాగే ఉంటుంది. ఎండ పెరుగుతుంటే నీరు చల్లబడటమేమిటన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. పైనున్న వెచ్చటి నీరు లోపలికి తప్పుకుంది, ఆ చోట్లోకి అడుగు నీరు లేచింది, జరిగింది అంతే. అలా లేచిన నీటితో వచ్చే ఎరువే తర్వాతి నెలల్లో కవ్వళ్లు, నెత్తళ్లు, కానాగంతల వంటి చేపలకు తిండి అవుతుంది.

సముద్రం మారిపోతోందని మాట్లాడేటప్పుడు అందరూ నీటి వేడి దగ్గరే ఆగిపోతారు. బంగాళాఖాతం విషయంలో అది సగం మాటే. ఇక్కడ ముందు అడగాల్సింది, పై నీరూ కింది నీరూ కలుస్తున్నాయా లేదా అని. వాటిని కలిపేది గాలి. విడదీసి ఉంచేది, వేడికన్నా ఎక్కువగా, ఉప్పులో తేడా. ఈ రెండింటి మధ్య పెనుగులాట తెలిస్తే విశాఖ తీరంలో చేపల రాబడి, తుపాన్ల బలం, హార్బరు నీటి దుర్వాసన వేర్వేరు సంగతులుగా కనిపించవు.

వెలుగు పైన, ఎరువు కింద

నేల మీద గడ్డి చేసే పనిని సముద్రంలో వృక్షప్లవకాలు చేస్తాయి. ఇవి ఏకకణ జీవులు, కంటికి విడిగా ఆనవు. వీటికి ఎండా కావాలి, ఎరువూ కావాలి. తీరం దగ్గర మట్టి కలిసిన నీటిలో పది, ఇరవై మీటర్లు దిగేసరికే వెలుగు చాలనంతగా తగ్గిపోతుంది. లోతు సముద్రంలోని తేట నీటిలో అదే వెలుగు యాభై మీటర్లు దాటి వెళ్తుంది. అంటే పంట పండేది పైపొరలోనే.

ఎరువంటే ముఖ్యంగా నైట్రేట్, ఫాస్ఫేట్, సిలికేట్. ప్లవకాల శరీరంలో కార్బన్, నత్రజని, భాస్వరం అణువులు సగటున 106:16:1 పాళ్లలో ఉంటాయి. కాబట్టి నీటిలో భాస్వరం ఎంత ఉన్నా, దానికి పదహారింతల నత్రజని లేకపోతే ఎదుగుదల అక్కడే నిలిచిపోతుంది. బంగాళాఖాతం పైపొరలో ముందు అయిపోయేది సాధారణంగా నైట్రేటే.

అయిపోవడం ఎందుకంటే, పైన బతికినవన్నీ చచ్చాక కిందికి దిగుతాయి. ప్లవకాల కళేబరాలు, వాటిని తిన్న జీవుల మలం అన్నీ మెల్లగా లోతుకు జారుతుంటే బ్యాక్టీరియా వాటిని కుళ్లబెట్టి మళ్లీ నైట్రేట్‌గా, ఫాస్ఫేట్‌గా మారుస్తుంది. ఆ పని చాలావరకు చీకట్లో జరుగుతుంది. దాంతో వెలుగున్న చోట ఎరువు ఉండదు, ఎరువున్న చోట వెలుగు ఉండదు. సముద్రం ఎంత విశాలమైనా అందులో ఎక్కువ భాగంలో చేప పలచగా ఉండటానికి మూలం ఇదే. రెండూ కలిసే చోట్లు కొద్ది, ఆ కొద్ది చోట్లే మన వేట సాగే చోట్లు.

గాలి నీటిని ఎటు నెడుతుంది

ఫిబ్రవరి చివరి నుంచి గాలి నైరుతికి తిరుగుతుంది. మన తీరం కూడా నైరుతి నుంచి ఈశాన్యానికే సాగుతుంది కాబట్టి ఈ గాలి ఒడ్డును ఒరుసుకుంటూ, దానికి సమాంతరంగా వీస్తుంది. నీరు మాత్రం గాలి వెళ్లిన దారిలోనే వెళ్లదు. భూమి తిరుగుతున్నందువల్ల ఉత్తరార్ధగోళంలో పైపొర నీరంతా కలిపి చూస్తే గాలికి కుడివైపుకు జరుగుతుంది. నైరుతి గాలికి కుడివైపంటే ఆగ్నేయం, అంటే నడి సముద్రం. ఒడ్డు పక్క నుంచి నీరు లోపలికి పోతే ఆ ఖాళీని పూడ్చడానికి కింది నీరు తప్ప ఇంకేదీ లేదు.

నవంబరు నుంచి జనవరి వరకు లెక్క తిరగబడుతుంది. ఈశాన్య గాలి పై నీటిని ఒడ్డు వైపుకు నెడుతుంది. అక్కడ చేరిన నీరు కిందికి దిగుతుంది, ఎరువు ఇంకా లోతుకు పోతుంది. 1950ల తొలి సంవత్సరాల్లో అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉండి, ఇక్కడివారితో కలిసి వాల్తేరు తీరంలో నీటి వేడినీ ఉప్పదనాన్నీ కొలిచి, నీరు లేవడం, దిగడం అన్న ఈ రెండు దశలనూ నమోదు చేశారు. తూర్పు తీరంలో సముద్ర శాస్త్రానికి విశాఖ పుట్టిల్లు అనడంలో అతిశయోక్తి లేదు.

నీరు లేచే పట్టీ చాలా సన్ననిది, ఒడ్డు నుంచి సుమారు 40 కిలోమీటర్ల లోపే. విశాఖ దగ్గర ఖండతీరపు అంచు, అంటే ఒడ్డు పక్క లోతు తక్కువున్న సముద్రం ముగిసే చోటు కూడా గుజరాత్ తీరంలా వందల కిలోమీటర్ల దూరాన లేదు, దగ్గర్లోనే లోతు సముద్రం మొదలవుతుంది. అందువల్ల ఎరువు నిండిన నీరు ఇక్కడ ఒడ్డుకు చేరువలోనే సిద్ధంగా ఉంటుంది. దాన్ని లేపే గాలి రావాలి, అంతే.

గాలి బాగుంటే చాలు నీరు లేస్తుందని మాత్రం అనుకోకూడదు. భూమధ్యరేఖ దగ్గర పుట్టిన కెల్విన్ తరంగాలు సుమత్రా, మయన్మార్ తీరాల వెంట చుట్టు తిరిగి నెలల తరువాత మన తీరానికి చేరతాయి. పైన అలలాగా ఏమీ కనిపించదు, లోపల మాత్రం చల్లటి నీటి పొర పదుల మీటర్లు పైకి లేస్తుంది, లేదా కిందికి అణుగుతుంది. పొర అణిగి ఉన్న ఏడాది ఎంత గాలి వీచినా లేచేది వెచ్చటి, ఎరువులేని నీరే. ఒకే రకమైన గాలి వీచిన రెండు వేసవుల్లో చేపల రాబడి రెండు రకాలుగా ఉండటానికి ఇదొక కారణం.

ఎరువు నుంచి చేప దాకా

నీరు లేచిన మొదటి రోజు చూడటానికి విశేషమేమీ ఉండదు. చల్లగా, తేటగా ఉంటుంది. ఆ నీటిలో ఎరువుంది గానీ తినే ప్లవకాలు ఇంకా పలచగానే ఉన్నాయి. రెండో రోజు నుంచి డయాటమ్‌లు అనే వృక్షప్లవకాలు విజృంభిస్తాయి. కీటోసిరోస్, స్కెలెటోనెమా, థలాసియోసిరా అనేవి మన తీరంలో తరచు కనిపించే రకాలు. వీటి చుట్టూ గాజులాంటి సిలికా పెంకు ఉంటుంది, అందుకే వీటికి సిలికేట్ తప్పనిసరి. అనుకూలిస్తే రోజుకు ఒకసారి, ఒక్కోసారి రెండుసార్లు రెట్టింపవుతాయి. రోజుకు ఒక్కసారి చొప్పున చూసినా ఒక కణం వారానికి 128 అవుతుంది. నీరు ఆకుపచ్చగానో గోధుమ రంగులోనో మారేది అప్పుడే.

వీటిని తినేవాటిలో ముఖ్యమైనవి కోపెపాడ్లు. మిల్లీమీటరు పొడవుండే ఇవి రొయ్యలకు దూరపు చుట్టాలు. గుడ్డు నుంచి పెద్దవి కావడానికి మన వెచ్చటి నీటిలో కూడా వీటికి రెండు, మూడు వారాలు పట్టొచ్చు. డయాటమ్‌కు ఒక రోజు, కోపెపాడ్‌కు వారాలు, చేప పిల్లకు నెలలు. ఏ ఏడాది పంట నిలుస్తుందో, ఏ ఏడాది వృథా అవుతుందో నిర్ణయించేది ఈ కాలాల తేడాయే.

గాలి మూడు రోజులు వీచి ఆగిపోయిందనుకుందాం. డయాటమ్‌లు ఉన్న ఎరువంతా తినేసి, కోపెపాడ్లు పెరిగేలోపే చచ్చి అడుగుకు చేరతాయి. పై నీటిలో తిరిగే కవ్వళ్లకు వాటివల్ల దక్కేది తక్కువ. అడుగున ఉండే పురుగులకు, రొయ్యలకు కొంత దక్కుతుంది, మిగిలింది కుళ్లి అక్కడి ఆక్సిజన్‌ను ఖర్చు చేస్తుంది. గాలి మరీ బలంగా, తెరిపి లేకుండా వీస్తే ఇంకో చిక్కు. ప్లవకాలూ, చేపగుడ్లూ, పిల్లలూ ఆ నీటితో పాటే నడి సముద్రంలోకి కొట్టుకుపోతాయి. పెరూ, కాలిఫోర్నియా, పశ్చిమాఫ్రికా తీరాల్లో నీరు లేచే చోట్ల చేప పిల్లలు ఎక్కువగా నిలిచింది గాలి సెకనుకు 5, 6 మీటర్ల వేగంతో ఉన్న సంవత్సరాల్లోనేనని 1989లో తేలింది. గంటకు 20 కిలోమీటర్ల చుట్టుపక్కలన్నమాట. వీచి, రెండు మూడు రోజులు తగ్గి, మళ్లీ వీచే గాలి అన్నిటికన్నా మేలు. లేచిన ఎరువు తినడానికి ప్లవకాలకు వ్యవధి దొరుకుతుంది, అవి ఒడ్డు దగ్గరే ఉంటాయి.

గాలి పూర్తిగా పడిపోయి ఎండ మండిపోయే రోజుల్లో పైన ట్రైకోడెస్మియం తేలుతుంది. గోధుమ రంగు సన్నటి పీచు తెట్టుగా, గాలివాటుకు చారలు చారలుగా కనిపించేది ఇదే. దీనికి నైట్రేట్ అక్కర్లేదు, గాలి నుంచి నీటిలో కరిగిన నత్రజనినే నేరుగా వాడుకోగలదు. ఎరువు అయిపోయిన నీటికి ఇది గుర్తు. చాలామంది దీన్ని చూసి ఓడల నుంచి కారిన నూనె అనుకుంటారు. చేత్తో తీస్తే విడివిడి పీచుగా ఉంటే ట్రైకోడెస్మియం, జిడ్డుగా చేతికంటితే నూనె.

తిండి ఒక మెట్టు నుంచి పై మెట్టుకు చేరేటప్పుడు సుమారు పదో వంతే మిగులుతుంది. తిన్నదాంట్లో ఎక్కువ భాగం కదలడానికి, బతకడానికి ఖర్చైపోతుంది, కొంత మలంగా పోతుంది. వెయ్యి కిలోల డయాటమ్‌లు నూరు కిలోల కోపెపాడ్లవుతాయి, అవి పది కిలోల చిన్న చేపలు, ఆ చిన్న చేపలు ఒక కిలో వంజరం. కవ్వళ్లలో కొన్ని రకాలు డయాటమ్‌లనే నేరుగా వడగట్టి తింటాయి, అంటే వాటికి ఒక మెట్టు తక్కువ. ఫిషింగ్ హార్బరులో కవ్వళ్లు గుట్టలుగా పడటానికి, వంజరం లెక్కపెట్టుకునేలా రావడానికి వెనకున్న గణితం ఇది. ట్యూనా ఇంకా పైమెట్టు.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం ఉంటుంది. మరబోట్లు హార్బరులోనే ఆగిపోతాయి. చాలా చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టే కాలమని దీన్ని పెట్టారు. పైన చెప్పిన లెక్కతో చూస్తే దీనికి ఇంకో బలమైన కారణం కనిపిస్తుంది. గుడ్డు నుంచి బయటపడిన పిల్లకు పొట్టలోని సొన కొద్ది రోజుల్లో అయిపోతుంది. ఆ తర్వాత నోటికి పట్టే తిండి చుట్టూ దొరకాలి, దొరక్కపోతే చస్తుంది. కాబట్టి పిల్లలు పుట్టే రోజులూ ప్లవకాలు పెరిగే రోజులూ కలవాలి. నిషేధం తల్లి చేపను కాపాడగలదు. పిల్లకు తిండి అందించేది గాలే. నిషేధం పక్కాగా అమలైన ఏడాది కూడా చేప తగ్గిందంటే, అది పనికిరాలేదని తేల్చేసే ముందు ఆ వేసవి గాలి ఎలా వీచిందో చూడాలి.

వాన నీటి మూత

జూన్ తర్వాత నైరుతి గాలి ఇంకా బలపడుతుంది. ఆ లెక్కన వర్షాకాలమంతా మన సముద్రం ప్లవకాలతో కిక్కిరిసిపోవాలి. అరేబియా సముద్రంలో అలాగే జరుగుతుంది. బంగాళాఖాతంలో జరగదు, దానికి అడ్డొచ్చేది మంచినీరు.

గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ కలిసి ఏటా వెయ్యి ఘన కిలోమీటర్లను మించిన నీటిని ఈ ఖాతంలో పోస్తాయి. పైగా ఇక్కడ ఆవిరయ్యే నీటికన్నా కురిసే వాన ఎక్కువ. వేసవిలో విశాఖ దగ్గర కిలో సముద్రపు నీటిలో 34 గ్రాముల చుట్టూ ఉండే ఉప్పు, అక్టోబరు నాటికి 30కి దిగువకు పడిపోతుంది. వినడానికి చిన్న తేడాయే. కానీ వెచ్చటి సముద్రంలో ఉప్పు ఒక గ్రాము తగ్గితే ఘనమీటరు నీరు సుమారు ముప్పావు కిలో తేలికవుతుంది. వేడి ఒక డిగ్రీ పెరిగితే తేలికయ్యేది సుమారు 300 గ్రాములే. అంటే ఉప్పు అయిదు గ్రాములు తగ్గడం, నీరు సుమారు పన్నెండు డిగ్రీలు వేడెక్కడంతో సమానం. ఏ ఎండా సముద్రాన్ని అంత వేడెక్కించలేదు. బంగాళాఖాతంలో పొరలు కట్టేది ఉప్పు తేడా అని మొదట్లో అన్నది ఇందుకే.

ఈ తేలిక నీరు గిన్నె మీద మూతలా కింది నీటిని కప్పేస్తుంది. గాలికి ఉన్న శక్తంతా ఆ మూతను కదిలించడానికే సరిపోతుంది, ఎరువున్న పొర దాకా చేరదు. శీతాకాలంలో ఇది ఎంత దూరం పోతుందంటే, ఖాతం ఉత్తర భాగంలో పై నీరు కింది నీటికన్నా చల్లగా ఉన్నా మునగకుండా తేలుతుంది. మామూలుగా చల్లటి నీరు బరువెక్కి కిందికి దిగాలి. ఉప్పు తక్కువై దిగలేకపోతుంది.

నదులు ఎరువు తెస్తాయి కదా అన్నది న్యాయమైన ప్రశ్నే. తెస్తాయి. సిలికేట్ బాగానే తెస్తాయి. నైట్రేట్‌లో ఎక్కువ భాగం నదీముఖం దగ్గరే ఖర్చైపోతుంది. దానికి తోడు ఒండ్రు కలిసిన బురద నీరు, మబ్బులు కలిసి వెలుగును తగ్గిస్తాయి. అందుకే వర్షాకాలంలో బంగాళాఖాతంలో నడి సముద్రపు పంట అరేబియా సముద్రం పంటకన్నా తక్కువ.

వానలు వెనకబట్టాక తీరం వెంట ప్రవాహం దక్షిణానికి తిరుగుతుంది. ఉత్తర కొసన నదులు పోసిన మంచినీరు ఆ ప్రవాహంతో పాటు ఒడిశా, ఆంధ్ర, తమిళనాడు తీరాల్ని ఆనుకుని సుమారు వంద కిలోమీటర్ల వెడల్పు పాయగా కిందికి సాగుతుంది. తీరం పొడవునా మత్స్యకారులు క్రమం తప్పకుండా పట్టి ఇచ్చిన నీటి నమూనాల్లో ఉప్పదనం కొలిచి, సముద్రంలో పారే ఈ నదిని శాస్త్రవేత్తలు 2014లో ప్రచురించారు. ఉపగ్రహాలు ఒడ్డు దగ్గర ఉప్పదనాన్ని సరిగ్గా పట్టుకోలేవు. వేటకు వెళ్లేవారి చేతి సాయం లేకపోతే ఆ లెక్క తేలేది కాదు. ఇలాంటి పని ఇంకా ఎక్కువ జరగాలి.

అదే 2014లో, అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది, గంటకు 180 కిలోమీటర్ల చుట్టూ గాలితో. తుపాను బలపడటానికి సముద్రం పై నీరు 26.5 డిగ్రీలకన్నా వెచ్చగా ఉండాలన్నది స్థూలమైన లెక్క. మామూలు సముద్రంలో తుపాను తన గాలితోనే కింది చల్లటి నీటిని కెలికి పైకి తెచ్చుకుని, తన ఇంధనాన్ని తానే కొంత తగ్గించుకుంటుంది. మంచినీటి మూత ఉన్న చోట అలా కెలకడం కష్టం. పైగా మూతకు కిందనే ఇంకొంత వెచ్చటి నీరు దాగి ఉంటుంది, కెలికినా ముందు వచ్చేది అదే. అక్టోబరు, నవంబరు నెలల్లో మన తీరానికి తుపాను భయం ఎక్కువ కావడానికి గాలుల తీరుతో పాటు ఈ మూత కూడా ఒక కారణం. చివరికి తుపాను గాలి మూతను చీల్చగలిగిన చోట, అది వెళ్లిన దారి వెంట కొద్ది రోజులకే ప్లవకాలు పెరగడం ఉపగ్రహ చిత్రాల్లో కనిపిస్తుంది. ఊళ్లను కూల్చిన గాలే సముద్రానికి ఎరువు వేసి పోతుంది.

కింది పొరకు ఊపిరి ఆడదు

మూత బిగిస్తే ఎరువు పైకి రాకపోవడమే కాదు, ఆక్సిజన్ కిందికి వెళ్లదు. బంగాళాఖాతంలో సుమారు 100 మీటర్ల లోతు దాటిన దగ్గర్నుంచి కొన్ని వందల మీటర్ల మందాన ఆక్సిజన్ దాదాపు లేని పొర ఉంది. పై నుంచి జారే కళేబరాలను కుళ్లబెట్టడానికి అక్కడి ఆక్సిజన్ ఖర్చవుతుంది, కొత్తది చేరదు. అక్కడ మిగిలిన అతి స్వల్ప ఆక్సిజన్ జాడ వల్లే ఈ ఖాతంలో నైట్రేట్ పెద్ద ఎత్తున వాయువుగా మారి పోకుండా నిలుస్తోందని ఇటీవలి కొలతలు చెబుతున్నాయి. ఆ జాడ కూడా పోతే ఎరువు లెక్కే మారిపోతుంది.

నీరు వేడెక్కే కొద్దీ అందులో కరిగే ఆక్సిజనూ తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరు సముద్రపు నీటిలో సుమారు 6.7 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీల దగ్గర 6.2 మాత్రమే. చేపకేమో వెచ్చటి నీటిలో ఊపిరి ఇంకా ఎక్కువ కావాలి. రెండు వైపులా నష్టమే. కింద ఆక్సిజన్ లేని నీరు, పైన మరీ వెచ్చటి నీరు అయితే మధ్యలో చేప తిరగగలిగే పొర సన్నబడుతుంది. అలాంటప్పుడు చేప ఒక్కచోట గుమిగూడి వలకు బాగానే పడుతుంది. ఆ రాబడి చూసి సముద్రంలో చేప పెరిగిందనుకోవడం పెద్ద పొరపాటు.

ఎరువు ఎక్కువైతే: హార్బరు లోపలి నీరు

ఎరువు వస్తేనే పంట అన్నాం కాబట్టి, మురుగు నీటిలోని ఎరువు కూడా మేలేనా? విశాఖ ఇన్నర్ హార్బరు దీనికి జవాబు. మేఘాద్రిగెడ్డ నీరు, ఊరి మురుగు అక్కడికి చేరతాయి. సముద్రంతో దానికున్న దారి ఇరుకు కాలువ. విశాఖలో అమావాస్య, పౌర్ణమి రోజుల పోటుకీ పాటుకీ తేడా ఒకటిన్నర మీటర్ల లోపే, మిగతా రోజుల్లో అరమీటరు చుట్టూ. అంత తక్కువ కదలికతో లోపలి నీరు త్వరగా మారదు.

అక్కడ ప్లవకాలు పెరగడానికి గాలి అక్కర్లేదు, ఎరువు ఎప్పుడూ ఉంటుంది. పగలు అవి ఆక్సిజన్ వదులుతాయి, రాత్రి తామే పీల్చుకుంటాయి. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ అట్టడుగుకు పడుతుంది, చేపలు నోరు తెరుచుకుని తేలేది ఆ వేళకే. మధ్యాహ్నం కొలిచి నీరు బాగుందని రాసిన నివేదికను నమ్మకూడదు. చచ్చిన ప్లవకాలు అడుగున కుళ్లి బురద నల్లబడుతుంది, కుళ్లిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ పి.ఎన్. గణపతి, ఆయన సహచరులు 1970ల తొలినాళ్లలోనే ఈ బురదను పరిశీలించి కాపిటెల్లా అనే సన్నటి ఎర్రటి పురుగును గుర్తించారు. మిగతా పురుగులు, గుల్లలు చచ్చిపోయిన బురదలో ఇది కుప్పలుగా పెరుగుతుంది. ఇది మొండి జీవి కావడం ఒక్కటే కారణం కాదు. త్వరగా పెరిగి త్వరగా పిల్లలు పెడుతుంది, పోటీ వచ్చేవీ తినేవీ పక్కన లేవు. అందుకే ప్రపంచమంతా కాలుష్యానికి గుర్తుగా ఈ పురుగును లెక్కపెడతారు.

ఇదే హార్బరులో నల్లచారల ఆలిచిప్ప ఉన్నట్టు 1971లో శాస్త్రలోకానికి తెలియజేశారు. దీని సొంత ఊరు కరీబియన్ ప్రాంతం. ఓడల అడుగుకు అంటుకునో, ఓడలు నింపుకున్న నీటిలోనో వచ్చి ఉండాలి. రెండు, రెండున్నర సెంటీమీటర్ల పొడవుంటుంది. జెట్టీ స్తంభం మీద గుత్తిని వేలితో విడదీస్తే ఒక్కో చిప్ప కింద నుంచి గోధుమ రంగు దారాలు బయటికి వస్తాయి, వాటితో అది స్తంభానికే కాదు, పక్క చిప్పకూ అంటుకుని ఉంటుంది. అలా ఒకదాని మీద ఒకటి పేరుకుని, కింద అంతకుముందే ఉన్న బార్నకిల్స్ అనే అంటుకుని బతికే గుల్ల జీవులకూ గొట్టపు పురుగులకూ నీరు అందకుండా చేస్తుంది. ఉప్పు తగ్గినా పెరిగినా, నీరు మురికైనా తట్టుకుంటుంది. అలలు కొట్టే తెన్నేటి పార్కు రాళ్ల మీద దీని జోరు సాగదు. పరదేశి జీవి ఎక్కడ పాతుకుపోతుందో తెలుసుకోవాలంటే స్థానిక జీవులు ముందే ఎక్కడ బలహీనపడ్డాయో చూడాలి.

వేడెక్కుతున్న కాలంలో

భూమి మీద పేరుకుంటున్న అదనపు వేడిలో 90 శాతానికి పైగా సముద్రాలే మింగుతున్నాయి. ఆ వేడి ముందుగా పైపొరకే చేరుతుంది కాబట్టి పొరల మధ్య తేడా పెరుగుతోంది. 1960 నుంచి 2018 వరకు ప్రపంచ సముద్రాల్లో పొరల గట్టిదనం సుమారు 5 శాతం పెరిగిందని 2020లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. దీనికి ఎదురుగా ఇంకో వాదన ఉంది. నేల సముద్రంకన్నా వేగంగా వేడెక్కుతుంది కాబట్టి తీరం వెంట గాలి బలపడి, నీరు లేవడం ఎక్కువవుతుందని 1990లో ఆండ్రూ బాకున్ ప్రతిపాదించారు. కొన్ని తీరాల్లో అలా జరిగింది, అన్నిచోట్లా జరగలేదు.

విశాఖ తీరానికి మొదటిది, అంటే పొరలు గట్టిపడటమే, బరువైన ప్రమాదమని మా అంచనా. గాలి కొంచెం పెరిగినా, కుండపోత వానలూ వరదలూ పెరిగితే మూత ఇంకా మందమవుతుంది. ఉప్పు గ్రాము తగ్గితే ఎంత తేడా వస్తుందో పైన చూశాం. వాన లెక్కనూ నదుల లెక్కనూ పక్కనపెట్టి కేవలం నీటి వేడిని చూపి ఇక్కడి చేపల భవిష్యత్తు చెప్పడం సరికాదు.

మీరే కొలిచి చూడాలంటే

కాలేజీ విద్యార్థులకైనా, వేటకు వెళ్లే కుర్రాళ్లకైనా మూడు పరికరాలు చాలు: సగం డిగ్రీ గుర్తులున్న థర్మామీటరు, అక్వేరియం షాపుల్లో దొరికే, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరు, నీటి తేటదనం చూడటానికి ఒక తెల్లటి పళ్లెం.

ప్లాస్టిక్ బకెట్‌ను సముద్రపు నీటితో ఒకసారి తొలిచి పారబోసి, మళ్లీ నింపి, నీడలో పెట్టి నిమిషంలోపు వేడి చూడాలి. ఎండలో కాలిన డెక్ మీద పెట్టిన ఇనుప బకెట్ ఒక డిగ్రీ దాకా అబద్ధం చెప్పగలదు, మనం వెతికే తేడా కూడా డిగ్రీ, రెండు డిగ్రీలే. రిఫ్రాక్టోమీటరును ప్రతిసారీ డిస్టిల్డ్ వాటర్‌తో సున్నాకు సరిచేశాకే చుక్క వేయాలి. ఒడ్డున అలల నురగలో కాకుండా పడవ మీద నుంచి, గెడ్డలు కలిసే చోట్లకు దూరంగా, రోజూ ఒకే చోట, ఒకే వేళకు కొలవాలి.

ముప్పై సెంటీమీటర్ల తెల్లటి పళ్లేనికి బరువు కట్టి, మీటరుకొక ముడి వేసిన తాడుతో పడవ నీడ పడే వైపు దించాలి. కనుమరుగైన లోతునూ, పైకి లాగుతుంటే మళ్లీ కనిపించిన లోతునూ రాసుకుని సగటు తీయాలి. ఉదయం పది నుంచి మధ్యాహ్నం రెండు లోపు చేయాలి. ఆ సగటుకు రెండున్నర, మూడు రెట్ల లోతు దాకా ప్లవకాలకు చాలినంత వెలుగు ఉందని అంచనా వేయొచ్చు.

వేడి తగ్గి ఉప్పు పెరిగితే అడుగు నీరు లేచిందని అర్థం. వేడి తగ్గి ఉప్పూ తగ్గితే అది వాన నీరో, నదీ నీరో. వేడి పెరిగి ఉప్పు కదలకపోతే గాలి పడిపోయి పై నీరు కాగుతోంది. మొదటి రకం కనిపించిన రోజు పళ్లెం లోతుగా కనిపించి, వారం లోపు ఆ లోతు సగానికి తగ్గి, నీటి రంగు మారితే డయాటమ్‌లు అందుకున్నాయి. లోతు తగ్గడం వాన తర్వాత, ఉప్పు పడిపోవడంతో పాటు జరిగితే అది ప్లవకం కాదు, బురద.

హైదరాబాదులోని కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఉపగ్రహాలతో నీటి వేడినీ, పచ్చదనాన్నీ చూసి చేపలు దొరికే అవకాశమున్న చోట్లను మత్స్యకారులకు తెలియజేస్తుంది. మబ్బు పట్టిన రోజుల్లో ఆ సమాచారం రాదు. రెండు మూడు వారాలు బకెట్‌తో రాసుకున్న లెక్క దగ్గరుంటే, అలాంటి రోజుల్లో వల ఎటు వేయాలో కనీసం ఒక ఆధారం ఉంటుంది.